కొత్త కుక్కపిల్ల వచ్చేలోపు ఇంట్లో ఏమేం ఉండాలి, ఏం తినిపించాలి?

మీరు అడిగింది ఇదీ: ఇంకో పది రోజుల్లో ఎనిమిది వారాల లాబ్రడార్ పిల్ల మీ ఇంటికి వస్తోంది. ఇంట్లో ఇంతకుముందు కుక్క లేదు. తొమ్మిదేళ్ల బాబు, ఆరేళ్ల పాప ఉన్నారు. ఏమేం కొనాలి, ఏ ఫుడ్ తెచ్చిపెట్టుకోవాలి, ఇల్లు ఎలా సర్దుకోవాలి? అక్కడా ఇక్కడా చూసి రాసుకున్న లిస్టులో ముప్పైకి పైగా వస్తువులు తేలాయని, అది చూస్తేనే టెన్షన్‌గా ఉందని కూడా అన్నారు.

నేను ఇరవై ఏళ్లుగా కుక్కల్ని పెంచుతున్నాను. సొంతవి కాకుండా, పెంచుకునేవాళ్లు దొరికేదాకా నా దగ్గరే ఉంచుకుని సాకిన పిల్లలు కూడా చాలా ఉన్నాయి. అన్నిటికంటే ముందు ఒక మాట చెప్తాను. మొదటి వారం ఆ పిల్లకి కొత్తవి ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. అది ఒక్కరోజులో తల్లిని, తోడబుట్టినవాటిని, పుట్టినప్పటి నుంచీ తెలిసిన వాసనని వదిలేసి వస్తోంది. అది చాలనట్టు కొత్త ఫుడ్, కొత్త షాంపూ, డజను బొమ్మలు, చూడటానికి వచ్చే చుట్టాలు, అన్నీ ఒకేసారి దాని మీద పడితే ముందు కడుపు పాడవుతుంది, తర్వాత నిద్ర పాడవుతుంది. మీ లిస్టులో సగం కొట్టేయొచ్చు. ఏ సగమో కింద చెప్తాను.

షాపుకి వెళ్లే ముందు, ఈరోజే ఒక ఫోన్ చేయండి. పిల్ల ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో వాళ్లని అడగండి: ఏ ఫుడ్ తింటోంది, కంపెనీ పేరేంటి, పొడిగా పెడుతున్నారా లేక నానబెట్టా, రోజుకి ఎన్నిసార్లు, ఏ టైముకి, ఒక్కో పూటకి ఎన్ని గ్రాములు. వేసిన టీకాల తేదీలు, నులిపురుగుల మందు పేరు, అది వేసిన తేదీలు కూడా కాగితం మీద రాయించుకోండి. ఇంకొకటి, మీరు ఒక పాత టవల్ తీసుకెళ్లి తల్లి పడుకునే చోట రెండు రోజులు ఉంచమని అడగండి. పిల్లని తెచ్చుకునేటప్పుడు ఆ టవల్‌ని ఉతక్కుండా అలాగే తెచ్చుకోవాలి. నేను ఇంటికి తెచ్చిన ప్రతి పిల్ల విషయంలోనూ ఇది చేస్తాను. పైసా ఖర్చు లేని వస్తువు, మొదటి రాత్రి దానంత ఉపయోగపడేది ఇంకోటి లేదు.

ఇక ఫుడ్ సంగతి. అది ఇప్పుడు తింటున్న ఫుడ్‌నే కనీసం రెండు వారాలకి సరిపడా తెచ్చుకోండి. ఆ కంపెనీ మీకు నచ్చకపోయినా సరే. నేను మొదట్లో చేసిన తప్పు ఇదే. పిల్ల ఏదో మామూలు ఫుడ్ తింటోందని తెలిసి, దానికి మంచిది పెడదామని బాగా పేరున్న ఫుడ్ కొని, వచ్చిన రోజు సాయంత్రమే గిన్నె నిండా పెట్టాను. ఆత్రంగా తినేసింది, నాకు ఎంతో సంతోషం వేసింది. మర్నాడు మధ్యాహ్నానికి మోషన్స్ మొదలయ్యాయి. మూడో రోజు పొద్దున పిలిస్తే తల ఎత్తలేదు. మెడ మీద చర్మం పట్టుకుని పైకి లాగి వదిలితే వెంటనే సర్దుకోకుండా మడత అలాగే నిలబడింది. చిగుళ్లు ముట్టుకుంటే తడి లేదు, వేలికి అంటుకున్నట్టు ఉంది. ఒంట్లో నీళ్లు పోయాయని అర్థం. డాక్టర్ రెండు రోజులు సెలైన్ పెట్టాల్సి వచ్చింది. పరీక్షల్లో వైరస్ లేదు, పురుగుల్లేవు. ఒక్కసారిగా ఫుడ్ మార్చడం, దానికి తోడు ఎక్కువ పెట్టడం, అంతే కారణం. కుక్కపిల్లల ఒంట్లో నీటి నిల్వ తక్కువ కాబట్టి పెద్ద కుక్క తట్టుకునే మోషన్స్‌కి కూడా అవి కూలిపోతాయి.

మీకు ఫుడ్ మార్చాలని ఉంటే పిల్ల ఇంటికి అలవాటుపడి, మోషన్ గట్టిగా వస్తున్నప్పుడు మొదలుపెట్టండి. మొదటి రెండు రోజులు మూడొంతులు పాతది, ఒక వంతు కొత్తది. తర్వాత రెండు రోజులు సగం సగం. ఆ తర్వాత ఒక వంతు పాతది, మూడొంతులు కొత్తది. వారం నుంచి పది రోజుల్లో పూర్తిగా మారిపోతుంది. మధ్యలో మోషన్ పలచబడితే ఒక మెట్టు వెనక్కి వెళ్లి ఆగండి.

మార్చేటప్పుడు ఏది ఎంచుకోవాలి? ప్యాకెట్ ముందువైపు బొమ్మలు కాదు, వెనక అక్షరాలు చదవండి. అది ఎదిగే పిల్లల కోసం చేసిన సంపూర్ణ ఆహారమని రాసి ఉండాలి. మీది లాబ్రడార్ కాబట్టి పెద్ద జాతి పిల్లల కోసమని ప్రత్యేకంగా చెప్పినదే తీసుకోండి. ఎందుకో తెలిస్తే మీరు దీన్ని మర్చిపోరు. పూర్తిగా ఎదిగిన కుక్క ఒంట్లోకి కాల్షియం ఎక్కువ వెళ్తే అవసరమైనంత తీసుకుని మిగతాది వదిలేయగలదు. కొన్ని నెలల పిల్లకి ఆ అదుపు ఇంకా రాదు, పెట్టినదాంట్లో చాలా భాగం ఒంటికి పట్టేస్తుంది. త్వరగా పెరిగే పెద్ద జాతుల్లో ఆ ఎక్కువైన కాల్షియం వల్లే ఎముకలు, కీళ్లు వంకర్లు పోతాయి. అందుకే ఆ ఫుడ్‌లో కాల్షియం, కేలరీలు కొలత ప్రకారం ఉంచుతారు. దాని పైన ఎవరో చెప్పారని కాల్షియం సిరప్ పోయడం మాత్రం చేయకండి. ఎముకలు గట్టిపడతాయన్న నమ్మకంతో ప్రేమగా పోసేవాళ్లని ఎంతమందిని చూశానో. సరైన ఫుడ్ తినే పిల్లకి ఆ సిరప్ మేలు చేయదు సరికదా కీడే చేస్తుంది. డాక్టర్ పరీక్షించి రాసిస్తే అది వేరే సంగతి.

ఆవుపాలు, గేదెపాలు కూడా వద్దు. తల్లిపాలు మానేసే కొద్దీ పాలల్లోని చక్కెరని అరిగించుకునే శక్తి తగ్గిపోతుంది, చాలా పిల్లలకి మోషన్స్ అవుతాయి. తాగడానికి శుభ్రమైన నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంటే చాలు.

మూడు నెలల వయసు వచ్చేదాకా రోజుకి నాలుగు పూటలు, ఆరు నెలల దాకా మూడు, ఆ తర్వాత రెండు. రోజుకి ఎన్ని గ్రాములో ప్యాకెట్ మీద వయసుని, పెద్దయ్యాక ఉండబోయే బరువుని బట్టి పట్టిక ఉంటుంది. ఆ మొత్తాన్ని పొద్దునే వంటింటి త్రాసులో తూచి ఒక డబ్బాలో పోసుకోండి, రోజంతా అందులోంచే పెట్టండి. కప్పుతో కొలిస్తే పోసే చేతిని బట్టి మారిపోతుంది. ట్రైనింగ్‌లో ఇచ్చే ముక్కలు కూడా ఆ డబ్బాలోవే తీయండి. పట్టిక మొదలుపెట్టడానికే, తర్వాత మీ చేతులే కొలత. పక్కటెముకల మీద వేళ్లు ఆనించి నిమిరితే, నొక్కకుండానే ఒక్కొక్కటీ తెలియాలి, కంటికి మాత్రం బయటికి పొడుచుకొచ్చి కనపడకూడదు. లాబ్రడార్‌కి ఎంత తిన్నా ఇంకా కావాలనే ఉంటుంది. బొద్దుగా ఉంటే ముద్దొస్తుంది నిజమే, కానీ ఆ బరువంతా ఎదిగే కీళ్ల మీదే పడుతుంది.

ఇప్పుడు ఇల్లు. ఒక సాయంత్రం మీ ఇద్దరు పిల్లల్ని పిలిచి, ముగ్గురూ నేల మీద బోర్లా పడుకోండి. కుక్కపిల్ల చూసేది ఆ ఎత్తు నుంచే. గదికి పది నిమిషాలు చొప్పున పాకుతూ వెతకండి. మొదటిసారి నేను ఇలా చేసినప్పుడు సోఫా కింద ఏమేం దొరికాయో నాకు ఇప్పటికీ గుర్తుంది: ఒక జుట్టు రబ్బరు, గుండుసూది, సగం కొరికిన పెన్సిలు, ఏదో మాత్రల రేకు, గోడవైపు చివర్లో నాణెంలా మెరుస్తూ ఒక బటన్ బ్యాటరీ. ఆ బ్యాటరీ గొంతులో ఇరుక్కుంటే కొద్ది గంటల్లోనే లోపల కాలి పుండు పడుతుంది. మీ ఇంట్లో బొమ్మలున్నాయి కాబట్టి బ్యాటరీ మూతలకి స్క్రూ ఉందో లేదో ఒక్కొక్కటీ చూడండి. ఈ వెతుకులాట మీ పిల్లలకే అప్పగించండి. తామే వెతికి తీసిన వస్తువుల్ని పిల్లలు మళ్లీ నేల మీద పడేయరు, వద్దని వందసార్లు చెప్పడం కంటే ఇది బాగా పనిచేస్తుంది.

సాక్సులు, లోదుస్తులు బుట్టలో కాదు, మూత ఉన్న డబ్బాలో ఉండాలి. పేగుకి అడ్డుపడి ఆపరేషన్ దాకా తీసుకెళ్లే వస్తువుల్లో సాక్సు ముందు వరుసలో ఉంటుంది. కరెంటు వైర్లు మంచాల వెనక్కి నెట్టడం సరిపోదు, పైపులో దూర్చండి లేదా గోడకి పైకి బిగించండి. నములుతూ షాక్ తిన్న పిల్లకి నోరు కాలడమే కాదు, కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు. కాబట్టి పైకి బాగానే ఉన్నా డాక్టర్‌కి చూపించాలి.

తినకూడని వాటిలో కొన్ని ఇంటిల్లిపాదికీ నోటికి రావాలి: చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, వెల్లుల్లి, కాఫీ పొడి, టీ పొడి, మకడామియా గింజలు, మద్యం, ఈస్ట్ కలిపిన పచ్చి పిండి. వండిన ఎముకలు కూడా వద్దు, అవి చీలికలుగా విరిగి గుచ్చుకుంటాయి. వీటికంటే నన్ను ఎక్కువ భయపెట్టేది జైలిటాల్. చక్కెర లేని చూయింగ్ గమ్‌లో, కొన్ని టూత్‌పేస్టుల్లో, కొన్ని రకాల వేరుశనగ వెన్నలో తీపి కోసం కలిపే పదార్థం ఇది. కుక్క ఒంట్లో ఒక్కసారిగా ఇన్సులిన్ ఊరి, చాలాసార్లు గంటలోపే రక్తంలో చక్కెర పడిపోతుంది. మోతాదు ఎక్కువైతే కాలేయం దెబ్బతింటుంది. మీ వంటింట్లో లేకపోయినా ఇంటికి వచ్చేవాళ్ల హ్యాండ్‌బ్యాగులో ఉండొచ్చు. గుమ్మం పక్కనే ఎత్తుగా ఒక కొక్కెం పెట్టి, వచ్చినవాళ్ల బ్యాగు దానికే తగిలించండి. మనుషుల పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ మాత్రలు నొప్పికని ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వొద్దు. ఎలుకల మందు ఇంట్లో ఎక్కడైనా పెట్టి ఉంటే తీసేసి, ఆ చోటు కడగండి. కుండీల్లో గన్నేరు ఉంటే మార్చేయండి, ఆ మొక్కలో అన్ని భాగాలూ విషమే. అలంకారానికి పెంచే సైకస్ ఇంకా ప్రమాదం, దాని గింజ ఒకటి రెండు తిన్నా కాలేయం పాడై ప్రాణం పోవచ్చు.

ఇల్లంతా ఒకేసారి దానికి వదలకండి. నేల తేలిగ్గా తుడుచుకోగలిగే ఒక గది, మీరంతా ఎక్కువసేపు ఉండేది, దానికి కేటాయించి గుమ్మానికి చిన్న గేటు పెట్టండి. చిన్న చోటైతే అది త్వరగా తనదనుకుంటుంది, మీరూ ఓ కన్నేసి ఉంచగలుగుతారు. నేల నున్నటి టైల్స్ అయితే అది నడిచే దారిలో జారని చాపలు పరవండి, కాళ్లు పక్కలకి జారిపోతూ ఎదగడం కీళ్లకి మంచిది కాదు. మెట్ల దగ్గర కూడా గేటు కావాలి. నార్వేలో లాబ్రడార్‌తో సహా నాలుగు పెద్ద జాతుల పిల్లల్ని పరిశీలించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, మూడు నెలల లోపు రోజూ మెట్లెక్కిన పిల్లల్లో తుంటి కీలు జబ్బు ఎక్కువగా కనిపించింది. మెత్తటి నేల మీద స్వేచ్ఛగా తిరిగిన వాటిలో అది తక్కువ. అందుకే నా దగ్గర మూడు నెలల లోపు పిల్లల్ని మెట్ల మీద చేతుల్లో ఎత్తుకునే తీసుకెళ్తాం.

కొనాల్సినవి నిజానికి చాలా కొద్ది. పెద్దయ్యాక సరిపోయే క్రేట్ (కుక్క లోపల పడుకునే జాలీ పెట్టె) ఒకటి, మధ్యలో జరపగలిగే అడ్డు ఉన్నది. అడ్డు జరిపి, పిల్ల నిలబడి, చుట్టూ తిరిగి, కాళ్లు చాపి పడుకునేంత చోటే ఉంచాలి. అంతకన్నా పెద్దగా ఉంటే ఒక మూల పడుకుని ఇంకో మూల ఉచ్చ పోస్తుంది. అడుగు బరువుగా ఉండే రెండు స్టీలు గిన్నెలు తీసుకోండి, ప్లాస్టిక్‌వి గీతలుపడి వాటిలో బ్యాక్టీరియా చేరుతుంది. రెండు వేళ్లు దూరేంత వదులుగా పెట్టే తేలికపాటి కాలర్, దానికి మీ ఫోన్ నంబరు చెక్కిన బిళ్ల, ఒక హార్నెస్ (ఛాతీ చుట్టూ తొడిగే పట్టీ), రెండు మీటర్ల లోపు లీష్ (పట్టుకుని నడిపించే తాడు) కావాలి. కాలర్ వారం వారం చూసుకోండి, ఈ వయసులో మెడ అంత త్వరగా పెరుగుతుంది. ఎంజైమ్ ఉన్న క్లీనర్ ఒక సీసా తెచ్చుకోండి, ఉచ్చ వాసనని ముక్కలు చేసేది అదే. అమోనియా ఉన్నవి వాడితే ఆ వాసన దానికి ఉచ్చలాగే అనిపించి మళ్లీ అక్కడికే వస్తుంది.

నమలడానికి మూడు బొమ్మలు చాలు, రోజుకొకటి మార్చి మార్చి ఇవ్వండి. కొనేటప్పుడు బొటనవేలి గోరుతో నొక్కి చూడండి. గోరు కాస్తయినా దిగకపోతే అది పళ్లు విరగ్గొట్టేంత గట్టిది. ఇప్పుడు దానికి ఉన్న 28 పాలపళ్లు నాలుగో నెల ప్రాంతంలో ఊడటం మొదలై, ఏడో నెలకల్లా 42 పళ్లు వచ్చేస్తాయి. అప్పటిదాకా చిగుళ్లు సలుపుతూ కనిపించిందల్లా నములుతుంది. తడిపి పిండి ఫ్రీజర్‌లో పెట్టిన గుడ్డ అప్పుడు హాయినిస్తుంది, మీరు పక్కనే ఉండి నమలనివ్వండి, పీలికలు మింగనివ్వకండి.

ఖరీదైన పరుపు, బట్టలు, పెర్ఫ్యూము, రకరకాల బిస్కెట్లు కొట్టేయండి. పరుపు కొన్నా మూడో రోజుకి దూది బయటపడుతుంది, పాత టవళ్లు చాలు. షాంపూ తొందరలేదు, మొదటి వారం స్నానం అవసరం రాదు.

డాక్టర్‌ని పిల్ల రాకముందే చూసిపెట్టుకోండి, రాత్రిపూట తెరిచి ఉండే చోటు నంబరు కూడా. వచ్చిన రెండు మూడు రోజుల్లో ఒకసారి చూపించి, తాజా మోషన్ కొంచెం డబ్బాలో తీసుకెళ్తే పురుగుల పరీక్ష చేస్తారు. గుండ్రటి పురుగులు పుట్టకముందే తల్లి నుంచి, తర్వాత పాల ద్వారా పిల్లకి వస్తాయి, అవి మనుషుల పిల్లలకి కూడా సోకగలవు. కాబట్టి మందు తేదీలు తప్పనివ్వకండి, మీ పిల్లలు చేతులు కడుక్కునేలా చూడండి. టీకాలు రెండు నుంచి నాలుగు వారాలకోసారి వేస్తూ పోతారు, చివరిది 16 వారాలకి గానీ ఆ తర్వాత గానీ పడాలి. ఒకటి వేయించాం కదా అని ఆగిపోతే ప్రమాదం. తల్లి నుంచి వచ్చిన రక్షణ ఉన్నంతకాలం అది టీకాని పనిచేయనివ్వదు, ఆ రక్షణ ఏ వారం తగ్గుతుందో ఒక్కో పిల్లకి ఒక్కోలా ఉంటుంది. రేబిస్ టీకా మామూలుగా 12 వారాలు నిండాక వేస్తారు.

ఈ టీకాలన్నీ పూర్తయ్యేదాకా పార్వో భయం ఉంటుంది, కుక్కపిల్లల ప్రాణం తీయగల వాంతులు, మోషన్స్ తెచ్చే వైరస్ అది. ఆ వైరస్ మట్టిలో, నేల మీద ఏడాది పైగా బతకగలదు, చెప్పులకి అంటుకుని ఇంట్లోకి వస్తుంది. సబ్బు, శానిటైజర్ దాన్ని చంపలేవు. నేల శుభ్రంగా కడిగాక, ఒక వంతు బ్లీచ్‌కి 30 వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచితే చస్తుంది. చెప్పులు గుమ్మం బయటే వదలండి. అలాగని నాలుగు నెలలు ఇంట్లోనే బంధించకండి. లోకాన్ని భయం లేకుండా చూడటం నేర్చుకునే వయసు 14 వారాల దగ్గర మూసుకుపోతుంది, అది మళ్లీ రాదు. రోజూ చేతుల్లో ఎత్తుకుని బయటికి తీసుకెళ్లి బండ్ల చప్పుడు, గొడుగులు, గడ్డాలున్న మనుషులు, అన్నీ చూపించండి. నేల మీద దించకండి, అంతే.

మీ పిల్లలకి రెండే నియమాలు పెట్టండి: పడుకున్న కుక్కపిల్లని ముట్టుకోకూడదు, తింటున్నప్పుడు గిన్నె దగ్గరికి వెళ్లకూడదు. ఎత్తుకోవాలనిపిస్తే నేల మీద కూర్చుంటే అదే ఒళ్లోకి వస్తుంది. ఈ వయసు పిల్ల రోజుకి 18 నుంచి 20 గంటలు నిద్రపోతుంది. సాయంత్రం పూట పిచ్చిగా పరిగెడుతూ అందరినీ కొరుకుతోందంటే సాధారణంగా అలసిపోయిందని అర్థం, ఆడించకండి, క్రేట్‌లో పడుకోబెట్టండి.

నిద్ర లేవగానే, తిన్న పావుగంట నుంచి అరగంటలో, ఆట అయిపోగానే ఉచ్చ పోయించడానికి ఒకే చోటికి తీసుకెళ్లండి. పగలు ఎన్ని నెలల వయసో దానికి ఒకటి కలిపితే అన్ని గంటలు ఆపుకోగలదని ఒక లెక్క ఉంది, కానీ అది పడుకున్నప్పటి సంగతి. మెలకువగా ఉంటే గంటకోసారి తీసుకెళ్లండి. ఇంట్లో పోస్తే తిట్టకండి, తిడితే మీకు కనపడకుండా పోయడం నేర్చుకుంటుంది.

పదేపదే వాంతులు, మోషన్‌లో రక్తం, తిండి మానేసి నీరసంగా పడి ఉండటం, పాలిపోయిన చిగుళ్లు, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు.

ఇక మొదటి రాత్రి. క్రేట్‌ని హాల్లో కాదు, మీ మంచం పక్కనే, మీ చెయ్యి కిందికి వేలాడితే అందేంత దగ్గరగా పెట్టండి. లోపల ఆ తల్లి వాసన టవల్ పరవండి. పడుకోబోయే ముందు ఉచ్చ పోసే చోటికి తీసుకెళ్లి రండి. ఏడుస్తుంది. పుట్టినప్పటి నుంచీ ఎవరో ఒకరి ఒంటిని ఆనుకుని పడుకున్నది, ఏడవకుండా ఎలా ఉంటుంది? లైటు వేయకుండా, మాట్లాడకుండా వేళ్లు జాలీలోంచి లోపలికి పెట్టండి. ముక్కు తెచ్చి వాసన చూస్తుంది, నాకుతుంది, కాసేపటికి వేళ్ల మీద గడ్డం ఆనించి పడుకుంటుంది. రాత్రి ఒంటిగంటకి, మళ్లీ నాలుగింటికి అలారం పెట్టుకోండి. ఎత్తుకుని నేరుగా ఉచ్చ పోసే చోటికి తీసుకెళ్లి, పని కాగానే తెచ్చి పడుకోబెట్టండి. చాలా పిల్లలు మూడు నాలుగు రాత్రుల్లో కుదురుకుంటాయి. అప్పుడు క్రేట్‌ని రోజుకి ఒక అడుగు చొప్పున మీకు కావలసిన చోటికి జరుపుకోవచ్చు.